కాలవ దగ్గర ఆగిపోయిన పటం

మధ్యాహ్నం మనవరాలు సోషల్ హోంవర్కు కోసం మా ఊరి పటం గీస్తోంది. వంటింట్లోంచి గంజి వార్చిన వాసన వచ్చింది. ఆ వాసనతో నా ఏడో తరగతి కళ్ళ ముందు తేలింది. జిగురు సీసాలు లేని ఆ రోజుల్లో అన్నం మెతుకులతో కాగితాలు అతికించేవాళ్ళం, మీకూ గుర్తుండే ఉంటుంది.

అప్పుడు నేనూ ఊరి పటం గీశాను. ప్రతి వీధీ అడుగులతో కొలిచాను. బడి, గుడి, కొబ్బరితోటలు, ఏదీ వదల్లేదు. నా పక్కన కూర్చునే మార్తమ్మ చాలాసేపు చూసి, "మా ఇల్లేదే?" అంది. వాళ్ళది కాలవ అవతలి పేట. నా పటం కాలవ గట్టునే ఆగిపోయింది.

"కాగితం అయిపోయిందండీ," అన్నాను, ఆ మాట విని దగ్గరికొచ్చిన సోషల్ మాస్టారితో.

"కాగితం అయిపోతే ఊరు అయిపోద్దా అమ్మా? ఇంకోటి అతికించు. అడుగులు నువ్వే కొలువు," అన్నారాయన.

సాయంత్రం మార్తమ్మ చెయ్యి పట్టుకుని తాటిదుంగ వంతెన దాటాను. మా ఇంట్లో ఆడవాళ్ళెవరూ దాటని వంతెన అది. నీళ్ళలో ఎండ ఊగుతోంది. లెక్క తప్పకుండా గొణుక్కుంటూ నడిచాను. వంతెన నుంచి వాళ్ళ గుమ్మానికి నూట పన్నెండు అడుగులు.

వాళ్ళమ్మ అప్పుడే వార్చిన అన్నంలోంచి నాలుగు మెతుకులు నా అరచేతిలో పెట్టింది. "తినకండి అమ్మాయిగారూ, మీ ఇంట్లో తిడతారు. అతికించుకోండి."

రెండు మెతుకులతో కాగితం అతుక్కుంది. మిగిలిన రెండూ తినేశాను. ఇంట్లో చెప్పలేదు.

ఇందాక మనవరాలు పటం తెచ్చి చూపించింది. అదీ కాలవ దగ్గరే ఆగింది. చెప్పులు వేసుకోమన్నాను.