బెల్లం ఎంత తూగింది?

నా చిన్నప్పుడు అని ఊరికే అనడం నాకు నచ్చదు, లెక్కగా చెబుతాను. అది నలభై తొమ్మిదో సంవత్సరం. నాకు తొమ్మిదేళ్లు, మా తమ్ముడికి నాలుగు నెలల పదకొండు రోజులు. సూర్యాపేటలో మాది ధాన్యం దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు.

తమ్ముడు పుట్టినప్పటి నుంచీ బక్కగానే ఉన్నాడు. అమ్మకు పాలు చాలేవి కావు. రానురాను వాడికి ఏడ్చే ఓపిక కూడా తగ్గింది. అప్పట్లో కోదాడలో ఉండే ఒక మిషనరీ దొరసాని ప్రతి శుక్రవారం బస్సులో వచ్చి మా వీధి పిల్లలకు మందులిచ్చేది. సముద్రాల అవతలి నుంచి వచ్చి రెండేళ్లయింది. మన అలవాట్లు ఒక్కొక్కటే నేర్చుకుంటోంది. గడప దాటబోతుండగా ఎవరైనా తుమ్మితే తానే వెనక్కి వచ్చి కూర్చుని మంచినీళ్లు అడిగేది.

ఆమె తమ్ముణ్ణి చూసి, కాచిన ఆవుపాలలో నీళ్లు కలిపి చెంచాతో పట్టమంది. అవి ఒంటికి పడుతున్నాయో లేదో తెలియాలంటే వారం వారం తూచాలని సంచిలోంచి కొక్కెం కాటా తీసింది. మా నాయనమ్మ తమ్ముణ్ణి లాక్కుని కొంగు కప్పేసింది.

"పసిపిల్లగాణ్ణి తూస్తరా దొరసానమ్మా? వీడేమన్న జొన్నల బస్తానా? తూస్తే దిష్టి తగుల్తది. ఉన్న గింత కూడ తగ్గుతడు."

దొరసాని కోప్పడుతుందనుకున్నాను. ఆమె కాటాను పక్కన పెట్టి చాప మీద కూర్చుంది.

"మీరు పిల్లల్ని ఎప్పుడూ తూచరా అమ్మగారూ?"

"ఎందుకు తూయం? మొక్కుంటే తూస్తం. ఒక దిక్కు పిల్లగాడు, ఒక దిక్కు బెల్లం. అది అమ్మవారి బంగారం. గది వేరే, గిది వేరే."

దొరసాని కాటాను మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయితే బాబును తూచవద్దు. మీరు ప్రతి శుక్రవారం బెల్లం మొక్కు తీర్చండి, ఆ బెల్లాన్నే తూస్తాను."

నాయనమ్మ ఆమె ముఖంలో వెక్కిరింత ఉందేమోనని వెతికింది. లేదని తేల్చుకున్నాక నవ్వింది.

నాయన ధాన్యం తూచే తక్కెడను దూలానికి కట్టాడు. నాయనమ్మ దీపం పెట్టి దండం పెడుతున్నంతసేపూ దొరసాని గుమ్మం బయట తల వంచుకుని నిలబడింది. ఎవరి దేవుడు వారికి. ఒక తట్టలో బొంత పరిచి తమ్ముణ్ణి పడుకోబెట్టారు. రెండో తట్టలోనూ అంత బొంతే వేయాలని నేను పట్టుబట్టాను. సమంగా తూగేదాకా బెల్లం ముక్కలు వేశారు. తమ్ముణ్ణి లోపలికి తీసుకెళ్లాక, ఆ బెల్లాన్ని దొరసాని తన కాటాకు తగిలించింది. తొమ్మిది పౌన్లు, ఇప్పటి లెక్కలో నాలుగు కిలోల పైచిలుకు. నేను పలక మీద రాశాను. తర్వాత ఆ బెల్లమంతా వీధి పిల్లలకు పంచారు.

రెండో శుక్రవారం కూడా తొమ్మిదే. "తమ్ముడు ఏం పెరగలే" అన్నాను పెద్దగా. నాయనమ్మ చటుక్కున నా నోరు మూసింది.

"తమ్ముడు అనకే పోరీ. బెల్లం అను."

లోపల అమ్మ ఏడుస్తోంది. తూచడమే మానేద్దామని నాయనమ్మ అంది. దొరసాని ఇంకొక్క శుక్రవారం అడిగింది, పాలు ఇంకో రెండుసార్లు ఎక్కువ పట్టమంది.

ఆమె సంచి పట్టుకుని బస్సు దాకా వెళ్తూ అడిగాను. "బెల్లం ఎంతనో తమ్ముడూ అంతే గద. తమ్ముడంటే తప్పేంది?"

"అంకె ఒకటే. కానీ బెల్లం అంటేనే మీ నాయనమ్మ నన్ను వచ్చే శుక్రవారం రానిస్తుంది. నేను రాకపోతే నీ సరైన లెక్క ఎవరికి పనికొస్తుంది?"

బస్సు రాగానే సంచి ఆమెకు అందించాను.

మూడో శుక్రవారం తక్కెడ చుట్టూ వీధి పిల్లలంతా మూగారు. నాయన ఒక ముక్క అదనంగా వేస్తే గాని తట్టలు సమం కాలేదు. నేను కాటా చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగి, "బెల్లం అర పౌను పెరిగింది" అన్నాను. నాయనమ్మ నా తల చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఎదురింటి పిల్ల మా అమ్మతో, "మంచిగ మేపు చిన్నమ్మా, మాకు బెల్లం ఎక్కువొస్తది" అంది. అన్ని రోజులకు అమ్మ నవ్వింది.

అప్పటి నుంచి వారానికి అర పౌను చొప్పున పెరిగి, ఆరో శుక్రవారానికి పదకొండు పౌన్లయింది. దొరసాని తమ్ముణ్ణి ఎత్తుకుని ఎంత ముద్దుగా ఉన్నాడో అనబోయి, నాయనమ్మ వైపు చూసి ఆగింది. "బెల్లం చాలా బాగుంది" అంది. నాయనమ్మ పడీపడీ నవ్వింది.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. సరైన అంకెను ఎవరి కోసమూ మార్చలేదు, ఇప్పటికీ మార్చను. కానీ దాన్ని పైకి అనేముందు, విన్నవాళ్లు వచ్చే వారం కూడా నాకు తలుపు తీస్తారా అని ఒక్క క్షణం ఆగుతాను.