కొండ అవతలి దిగుడు

మా డ్రిల్లు టీచరు గారు పోయారు. మొన్న గురువారం పొద్దున బెజవాడ ఆస్పత్రి నుంచి వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అక్క ఇక లేదండీ, మధ్యాహ్నానికి చల్లపల్లి తీసుకొస్తున్నాం" అన్నాడు. చాలాకాలంగా గుండె జబ్బు. అయినా నాకు తెలిసి ఆవిడ పోవడం కొన్నేళ్ల కిందటే, పరాయి దేశంలో ఒక కొండ మీద మొదలైంది. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా బడిలో ఆవిడ ఆటలు నేర్పేవారు, నేను తెలుగు చెప్పేదాన్ని. పంతొమ్మిది వందల తొంభైల్లో, పెళ్లి చేసుకోని పెద్దావిడ చుడీదార్ వేసుకుని సైకిలు మీద కాలవ గట్ల వెంట తిరుగుతుంటే ఊరు ముక్కున వేలేసుకుంది. పక్కన రెండో సైకిలు నాది కాబట్టి నాకూ నాలుగు మాటలు పడ్డాయి. ఆవిడ కోరిక ఒక్కటే. రిటైరయ్యాక యూరప్ వెళ్లి, హాలెండ్ సముద్రం దగ్గర సైకిలెక్కి, దారంతా గుడారంలో పడుకుంటూ, ఇటలీ సముద్రం దగ్గర దిగాలి. జీవితాన్ని ఇంకేమీ అడగలేదు.

సెలవు దొరికితే చాలు, సాధన. వరికుప్పల మీద కప్పే పట్టాతో మా ఊరి టైలరు కుట్టిన గుడారం, కిరసనాయిలు స్టవ్వు, ఉప్మా రవ్వ, సీసాలో నిమ్మకాయ పచ్చడి. నాగాయలంక దాకా వెళ్లి కరకట్ట మీద గుడారం వేసేవాళ్లం. సముద్రం మీది గాలి ఎదురు కొట్టేది. నేను రొప్పుతూ కబుర్లు మొదలుపెడితే "ఎదురుగాలిలో మాట్లాడకమ్మాయ్, ఊపిరి దండగ" అనేవారు. ఒకసారి పొలానికొచ్చిన రైతు ఒకాయన గుడారం ముందు ఆగి చాలాసేపు చూశాడు.

"ఏమ్మా, ఇల్లు లేదా మీకు?"

"ఉందండీ. ఎప్పుడూ అందులోనే ఉంటాంగా," అన్నారావిడ ఉప్మా కలుపుతూ.

ఆయన ఏమనుకున్నాడో, వెళ్లి కాసిని తాటిముంజెలు తెచ్చిచ్చాడు.

మ్యాపు మీద దారిని గోటితో గీసి చూపించేవారు. రైన్ నది పక్కనే కొండల దాకా ఒక దారి, కొండ అవతల ఇటలీ వైపు దిగే ఇంకో నది, దాని పక్కన ఇంకో దారి. "కొండలు కదండీ, ఒకసారి బెజవాడ వెళ్లి దుర్గ గుడి ఘాట్ రోడ్డు ఎక్కి చూద్దామా?" అన్నాను. నవ్వేశారు. "ఏటి పక్క దారంటే గట్టే కదమ్మాయ్. గట్టుకి ఎత్తేముంటుంది?" నేనూ తలూపాను. మా ఇద్దరికీ తెలిసిన ఏరు కృష్ణ ఒక్కటే. అది మా దగ్గరికొచ్చేసరికి చదునుగా, తాపీగా పోతుంది. కొండల్లో ఏరు ఎలా ఉంటుందో మాకేం తెలుసు.

రిటైరయ్యాక అన్నంత పనీ చేశారు. హాలెండ్ నుంచి ఫోన్. "అచ్చం మన దివిసీమేనమ్మాయ్. కాలవలు, గట్లు, ఎదురుగాలి. ఆవులు మాత్రం బాగా బలిసున్నాయి." ఆ గొంతులో అంత సంతోషం నేను మళ్లీ వినలేదు. కొన్ని వారాలకి స్విట్జర్లాండ్ నుంచి ఇంకో ఫోన్. ఏటి పక్క దారి ఏటిని వదిలేసి గోడలా పైకి లేచిందట. సైకిలు నెట్టుకుంటూ ఎక్కారట. ఒక మలుపు దగ్గర గుండె పట్టేసి రోడ్డు పక్కన పడిపోయారట.

"ఇంక కొంచెమే ఉందమ్మాయ్ పైకి. ఆ తర్వాత అంతా దిగుడే. తొక్కక్కర్లేదు." అసలు సంగతి ఆ తర్వాత చెప్పారు. "డాక్టరు వెనక్కి రైలెక్కించేస్తున్నాడు."

తిరిగొచ్చాక ఊళ్లో సన్మానం చేస్తామన్నారు. "సగంలో దిగొచ్చినదానికి శాలువా ఏంటండీ" అని పంపేశారు. ఇక్కడి డాక్టర్లు సైకిలు ముట్టుకోవద్దన్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడల్లా నేను, అంతదూరం వెళ్లడమే గొప్ప కదండీ అనేదాన్ని. ఒకరోజు "ఆ మాట అనకమ్మాయ్, నాకు పనికిరాదది" అన్నారు. మెల్లగానే అన్నారు. ఆ తర్వాత ఓదార్చడం మానేసి ఊరికే పక్కన కూర్చునేదాన్ని. గట్ల మీద ఆవిడతో గడిపిన పొద్దులకి నేను రుణపడి ఉన్నాను. ఆవిడకి మాత్రం నేనేమీ చేయలేకపోయాను. ఎవరూ చేయలేకపోయారు.

గురువారం సాయంత్రం ఆవిడని ఎక్కించిన వ్యాను వెనక నడిచాం. ఆడవాళ్లు కాలవ దాటి శ్మశానానికి రాకూడదని వంతెన దగ్గర పెద్దలు ఆపేశారు. అక్కడే నిలబడి చూశాను. వ్యాను మూలుగుతూ వంతెన ఎత్తు ఎక్కింది. వంతెన నడుమకి చేరగానే డ్రైవరు, డీజిలు కలిసొస్తుందని కాబోలు, ఇంజను కట్టేశాడు. చప్పుడు లేకుండా బండి తనంతట తనే అవతలికి దిగింది. దిగుడు ఎంతని, నాలుగిళ్ల దూరం. చదునుకి రాగానే ఆగిపోయింది.