ఆమె మైకు అడిగింది

తెలంగాణ ఉద్యమం రోజులు. రాస్తారోకోతో మా బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో ఆగిపోయింది. నా చేతిలోని పేపర్లోకి తొంగిచూసిన పక్కసీటామె ఒక్కసారిగా మండిపడింది. ఎల్బీనగర్ దగ్గర ఆమె పనిచేసే ఫ్యాక్టరీ యజమాని ప్రకటన అందులో ఉంది: యూనియన్‌తో జీతాల ఒప్పందం కుదిరిందట, తెలంగాణ బంద్ వల్లే పని ఆగిందట.

"గిదంత అబద్ధం! చర్చల నడుమ మా సేటే లేచి బయటికి పోయిండు. మేం సమ్మెల ఉన్నం," అంది.

"మరి మీకు తెలంగాణ వద్దా?" అన్నాను.

"తెలంగాణ మాదే, అన్నా. గీ సమ్మె గూడ మాదే."

గబగబా దిగి, రోడ్డు మీద బైఠాయించినవాళ్లని మైకు అడిగింది. ముందు ఇవ్వలేదు. ఆమె కదల్లేదు. చివరికి ఇచ్చారు.

తమ సమ్మె సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నినాదాలు ఆగాయి. సరిగ్గా వినబడక నేనూ దిగాను. ఇంతలో పోలీసులు ఓ పక్కగా బస్సులకు దారి చేశారు. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆమె ఇంకా మాట్లాడుతోంది. బస్సు నన్ను వదిలేసి వెళ్లిపోయింది.