పచ్చి దూలాలు

మా ఊళ్ళో స్లాబు మోజు ఎనభైల మొదట్లోనే పట్టుకుంది. దాచేపల్లి వైపు నుంచి సిమెంటు లారీ వచ్చిందంటే ఎవరింటికా అని జనం వాకిళ్ళలోకి వచ్చి చూసేవాళ్ళు. మా తోడికోడలు స్లాబు ఇంటికి ముగ్గు పోయించింది. మా ఆయనా అదే వేద్దామన్నాడు. నేనే పట్టుబట్టాను, మనం దూలాల మిద్దె వేసుకుందామని.

పల్నాటి ఎండల్లో మట్టి మిద్దె కింద పెరిగినదాన్ని, ఆ చల్లదనం నాకు తెలుసు. మా నాన్న తన చేలో వేపచెట్లు ఇస్తానన్నాడు. పైగా మా వీధి చివరే వడ్రంగి సాయిబు ఉన్నాడు. ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. చుట్టుపక్కల ఎక్కడ దూలం ఎక్కించాలన్నా ఆయనే రావాలి. చెట్లు కొట్టించి, మొద్దుల్ని కుంటలో పడేయించాడు. నీళ్ళలో ఊరితే పురుగు పట్టదని, తీశాక నీడన ఏడాదన్నా ఆరాలని చెప్పాడు.

నా బుద్ధి వంకరపోయింది అక్కడే. మొద్దులు కుంటలోంచి తీసి నెల కూడా కాలేదు, తోడికోడలి ఇంటికి గోడలు లేచాయి. ఆమె కంటే ముందు నేను పాలు పొంగించాలి. పంతులుగారిని అడిగితే దగ్గర్లో ఒక ముహూర్తం ఉంది, అది దాటితే మూఢం అన్నారు. నాకు కావలసిందీ అదే. వెళ్ళి బాబాయ్ ముందు నిలబడ్డాను.

"పచ్చిగానే ఉందమ్మా చెక్క. ఇప్పుడెక్కిస్తే మెలి తిరుగుద్ది" అన్నాడు.

"మూఢం వచ్చేస్తంది బాబాయ్."

"మూఢం మనకమ్మా. చెక్కకేంది?"

"ఏమన్నా అయితే నేనే తొందరపెట్టానని అందరి ముందూ చెబుతాలే. నువ్వు ఎక్కించు."

చెక్కుతున్న బాడిసె కింద పెట్టి, ఒక మొద్దును చేత్తో తడిమి చూశాడు. చివరికి నా మాట నమ్మాడు.

గృహప్రవేశం ఘనంగా చేశాను. వచ్చినవాళ్ళంతా చల్లగా ఉందంటుంటే, తోడికోడలి మొహం చూసి లోపల్లోపల మురిసిపోయాను. వేసవి దాటేసరికి నడిమి దూలం మెలి తిరిగింది. పైన పోసిన చౌడు మట్టి పగుళ్ళిచ్చింది. మొదటి పెద్ద వానకే నీళ్ళు ధారగా దిగి మిరపకాయల బస్తాలు తడిసి ముద్దయ్యాయి.

మా ఆయన బాబాయ్‌ని పిలిపించాడు. తోడికోడలు, ఆమె వెనకే సగం వీధి వచ్చారు.

"ఏందయ్యా ఈ పని? చానా పేరున్నోడివని పిలిస్తే కొంప ముంచావు గదా!" అన్నాడు మా ఆయన.

బాబాయ్ నావైపు చూశాడు. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. నేనేం నోరు లేనిదాన్ని కాదు, కుళాయి దగ్గర నా నోటికి జడవని ఆడది లేదు. ఆ రోజు మాత్రం తడిసిన బస్తా మూతి విప్పుతూ తల వంచుకున్నాను.

"నాదే పొరపాటయ్యా. పచ్చి చెక్క ఎక్కించాను" అన్నాడాయన, నా ఊసెత్తకుండా.

ఆ మాట ఊరంతా పాకింది. చెక్క మిద్దెలకు కాలం చెల్లిందని తేల్చేశారు. ఆయన్ని దూలాలకు పిలిచే ఇల్లే లేకుండా పోయింది. స్లాబు పోసేటప్పుడు కింద బల్లలు కొట్టే కూలి పనికి కుదిరాడు. స్లాబు గట్టిపడగానే ఊడబీకేసే బల్లలవి. ఇళ్ళకు మట్టి, చెక్క వాడుకుంటే మేలని ఇప్పుడు పేపర్లలో రాస్తున్నారు. ఆ సంగతి మా ఊళ్ళో చేసి చూపించగల ఒక్క మనిషినీ నేనే పనికిరాకుండా చేశానని, చదివినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.

మూడేళ్ళకు మా ఆయన మిద్దె దించేసి స్లాబు వేయించాడు. బల్లలు కొట్టడానికి వచ్చినవాళ్ళలో బాబాయ్ కూడా ఉన్నాడు. మధ్యాహ్నం మజ్జిగ తీసుకెళ్ళాను. ఇవాళైనా తప్పు ఒప్పుకోవాలనే వెళ్ళాను. పెరట్లో పడేసిన నడిమి దూలం పక్కన కూర్చుని, దాన్ని వేలితో తట్టి చూస్తున్నాడు. ఖంగుమంటోంది.

"ఇప్పుడు ఆరిందమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇంక కదలదు."

మజ్జిగ గ్లాసు ఆయన చేతికిచ్చి, చెప్పడానికి నోరు తెరిచాను. ఇంతలో మా ఆయన వచ్చి, "ఏందంట?" అని అడిగాడు. బాబాయ్ తలెత్తి నావైపు చూశాడు, ఆ వానరోజు చూసినట్టే.

"ఏం లేదు. ఇంకాస్త మజ్జిగ కావాలంట" అన్నాను.