గీతకు గీత కలిసిందా?

మా బావకి లోకంలో అందరి కళ్ళ మీదా నమ్మకమే, తన కళ్ళ మీద తప్ప. పాతికేళ్ళుగా కార్ల షెడ్డులో మెకానిక్కు. అయినా ఈమధ్య టైమింగ్ బెల్టు మార్చాడంటే, దారిన పోయే నలుగురూ వచ్చి సాక్ష్యం చెప్పాల్సిందే.

పని చిన్నదేం కాదు. పాత బెల్టు తీసి కొత్తది వేసేలోగా ఇంజనులోని రెండు క్యామ్‌షాఫ్టులూ కదలకూడదు. వాటి పళ్ళ చక్రాల మీది గీతలు ఎదురెదురుగా నిలవాలి. ఒక్క పన్ను తప్పినా ఇంజను పాత ఇనప సామానే. ఇంతటి పనికి మా బావ నియమించుకున్న నిపుణుల సంఘం ఏమిటంటారా? పోస్టుమాను, ఎదురు కొట్టు టైలరు, కారులో హారను తప్ప ఇంకేదీ తెలియని నేను.

"గీతకు గీత కలిసిందా?"

"కలిసింది బావా."

"సరిగ్గా చూడవోయ్. నా కళ్ళు మసకలు."

"కళ్ళజోడు కొనుక్కోవచ్చుగా?"

"మీరంతా ఉండగా జోడెందుకు, దండగ!"

"నన్ను చేసుకునే ముందు కూడా బాగుందా అని వీధంతా అడిగే ఉంటారు," అంటుంది అక్క.

చివరికి ఈ జబ్బు బావకి పని నేర్పిన పెద్దమేస్త్రికీ అంటుకుంది. ఆయనా అడగడమే. పోయిన నెల ఆయన వేసిన బెల్టు చూడమంటే చూశాను. కుడి గీత ఒక పన్ను జరిగి ఉంది. "కలవలేదూ!" అని షెడ్డు ఎగిరిపోయేలా అరిచాను. పుట్టి బుద్ధెరిగాక నేను పనికొచ్చిన మొదటి రోజది మరి.

యజమాని పరుగున వచ్చాడు. ఇంకొక్క తప్పు దొర్లితే పెద్దమేస్త్రిని ఇంటికి పంపేస్తానని అప్పటికే చెప్పి ఉన్నాడట. పెద్దాయన ముఖం పాలిపోయింది.

"నేనేనండీ కదిపింది. నా చూపు సంగతి మీకు తెలిసిందేగా," అన్నాడు బావ. చీవాట్లన్నీ శుభ్రంగా తిన్నాడు.

ఆ వారమే లైసెన్సు కోసం బావకి కంటి పరీక్ష. చెయ్యి పట్టుకుని నడిపించాలేమోనని తోడెళ్ళాను. బోర్డు మీది ఆఖరి వరుస గడగడా చదివేశాడు మహానుభావుడు. దాని అడుగున, బోర్డు అచ్చేసిన ప్రెస్సు వాడి చిరునామాతో సహా!

బయటికి రాగానే పట్టుకున్నాను. "మసకలు ఎవరికి బావా?"

"పెద్దాయనకి. శుక్లాలు. వచ్చే నెల ఆపరేషను. అందాకా ఆయనొక్కడే అడిగితే ముసలాడికి చూపు పోయిందంటారు. ఇద్దరం అడిగితే షెడ్డు పద్ధతి అనుకుంటారు."

మా బావ మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. ఒప్పుకోవడం కష్టంగానే ఉంది.

"నాతోనైనా చెప్పొచ్చుగా?"

"నాకు కావలసింది నీ కళ్ళోయ్," అన్నాడు బావ, "నీ నోరు కాదు."