నాలుగొందల పద్దెనిమిది మెట్ల ప్రార్థన

ఎలియాజర్ అంకుల్‌కు చిన్న ప్రార్థన చేయడం చేతకాదు. "చిన్న ప్రార్థన చేసుకుందాం" అని ఆయన కళ్లు మూసుకున్నారంటే, మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో మా చర్చి సంఘస్తులు ముందు బార్బెక్యూ మంట తగ్గిస్తారు. ఆయన ప్రార్థనలో "చివరగా" అన్న మాట మూడుసార్లు వస్తుంది. మొదటిదానికి కొత్తవాళ్లు కళ్లు తెరుస్తారు. పాతవాళ్లు కాళ్లు మార్చుకుని నిలబడతారు.

అలాంటి మనిషితో నేనూ, పదకొండేళ్ల మా అమ్మాయి అనీషా జూలైలో పన్నెండు రోజులు నార్వే తీరం వెంట ఓడలో తిరిగాం. జూలై అంటే మాకు చలికాలం; మెల్‌బోర్న్ చలికి భయపడి అంతకంటే చలి ఉన్నచోటికి పారిపోయింది ప్రపంచంలో మేమే అయ్యుంటాం.

దీనికంతటికీ కారణం ఆయన భార్య సుగుణకుమారి ఆంటీ. నర్సుగా రిటైరైన ఆవిడకు నిరుడు గుండెకు స్టెంట్ వేశారు. ఆస్పత్రి మంచం మీద ఏదో పత్రిక తిరగేస్తుంటే ఓలెసుండ్ అనే రేవు ఊరు కనబడింది. ఊరి వెనక కొండ, కొండకు నాలుగొందల పద్దెనిమిది మెట్లు. "నా కాళ్లతో నేనెక్కుతా" అన్నారు. "ఎక్కండి, మధ్యమధ్య ఆగండి" అన్నాడు డాక్టరు. ఆంటీ మొదటి మాటే విన్నారు. ఆగడం ఆవిడ ఇంటా వంటా లేదు. "నన్నెవరైనా పేషెంటులా చూశారో, ఊరుకోను" అని అందరికీ ముందే చెప్పేశారు.

ఓడ ఉత్తరపు కొసన హొన్నింగ్స్‌వోగ్‌లో ఆగినప్పుడు ఓ చిన్న హోటల్లో చేపల సూప్ చెప్పాం. పొగలు కక్కుతూ వచ్చింది.

"చిన్న ప్రార్థన చేసుకుందాం."

అంకుల్ చేపను పట్టినవాణ్ణి, పడవ చేసినవాణ్ణి, మా ఓడ కెప్టెన్‌ను, ఆ కెప్టెన్‌ను కన్నతల్లిని దేవుడికి అప్పగించారు. అక్కణ్ణుంచి నర్సాపురం వెళ్లి బంధువులందరినీ పలకరించి, క్రాన్‌బర్న్ తిరిగొచ్చి, చర్చి పార్కింగు విషయంలో కౌన్సిల్‌వాళ్ల మనసు మార్చమన్నారు. నీళ్లు తెచ్చిన నార్వే ఆవిడ జగ్గు పట్టుకుని తలవంచి నిలబడిపోయింది. పక్క బల్ల ముసలాయన టోపీ తీశాడు. సూప్ మీద మీగడ కట్టింది.

"నైన్ మినిట్స్ ట్వెంటీ, డాడ్" అంది అనీషా ఫోన్ చూసి. "ద సూప్ ఈజ్ డెడ్."

ఓలెసుండ్‌లో దిగేసరికి ఒంటిగంట. మూడున్నరకల్లా ఓడెక్కెయ్యాలి. ఆంటీ షూ లేసులు బిగించి ముందు నడిచారు. నలభయ్యో మెట్టు దగ్గర అంకుల్ ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"సుగుణా, చిన్న ప్రార్థన చేసుకుందాం."

"ఇక్కడేంటండీ, దారికడ్డంగా!"

"ఇంత సృష్టి చూసి నోరు మూసుకుని ఎలా పోతాం?"

కొండ కోసం ప్రార్థించారు. తొంభయ్యో మెట్టు మీద మెట్ల పక్కన కమ్మీ వేసినవాళ్ల కోసం. నూటయాభయ్యో మెట్టు మీద సముద్రపు పక్షుల కోసం, ఇంచుమించు పేరుపేరునా. వెనక జనం ఆగిపోయారు. మేమేదో మొక్కుకుని ఎక్కుతున్నామనుకున్నారేమో, ఓ జర్మన్ కుటుంబం మాకు దణ్ణం పెట్టి పక్కనుంచి వెళ్లింది.

"అంకుల్, రెండు కావస్తోంది. ఓడెళ్లిపోతే ఈదుకుంటూ పోవాలి" అన్నాను.

"అలాగా నాన్నా? అయితే ఓడ కోసం కూడా చేద్దాం."

చేశారు. రెండొందల ముప్ఫయ్యో మెట్టు మీద. మొదటి "చివరగా"కే నాకు ఓపిక పోయి కళ్లు తెరిచాను. అంకుల్ కళ్లు కూడా తెరిచే ఉన్నాయి. ఆయన రెండు వేళ్లు ఆంటీ మణికట్టు మీద ఉన్నాయి. చూపు వాచీ మీద ఉంది. ఆంటీ కళ్లు మూసుకుని రొప్పుతున్నారు.

"చివరగా..." అంటూ అంకుల్ ఆవిడ మొహం చూశారు. రొప్పు తగ్గలేదు. "మరీ చివరగా ప్రభువా, ఈ కొండ మీది పొదలు..." పొదలయ్యాయి, గడ్డి అయింది. ఆంటీ భుజాలు కుదుటపడ్డాయి.

"ఆమెన్."

నేను చటుక్కున కళ్లు మూసుకున్నాను.

ఆ తర్వాత టైమ్ గురించి ఎత్తలేదు. "డాడ్, వి ఆర్ సో లేట్" అని అనీషా గొణిగితే "కళ్లు మూసుకో" అన్నాను. మూడొందలు దాటాక పాపం అంకుల్‌కు విషయాలు అయిపోయాయి. ఆంటీకింకా ఊపిరి అందడం లేదు.

"అంకుల్, ఆ లైట్‌హౌస్‌ను మర్చిపోయారు" అన్నాను.

ఆయన నావైపు ఓ క్షణం చూశారు. "అవునవును, లైట్‌హౌస్!"

చివరి మెట్టెక్కేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. కింద నీళ్ల మధ్య ఊరు, అగ్గిపెట్టంత ఓడ. అంకుల్ చేతులెత్తబోతే ఆంటీ ఆపారు.

"ఉండండి, ఇది నాది." కళ్లు మూసుకున్నారు. "ప్రభువా, ఎక్కించావు. స్తోత్రం. ఆమెన్."

"దట్స్ ఇట్?" అంది అనీషా నోరు తెరిచి.

అంకుల్ ఫొటో తీయడానికి దూరం వెళ్లగానే ఆంటీ నా చెవిలో అన్నారు: "ముప్ఫై నాలుగేళ్లు నర్సును. నాడి చూసే చెయ్యి నాకు తెలీదనుకున్నాడు."

"మరి చెప్పలేదేం ఆంటీ?"

"చెబితే నేను ఆగినట్టవుద్ది కదా నాన్నా. ఆయన ఆపితే నేనాగినట్టు కాదు."

దిగడానికి తిరిగాం. అనీషా ఫోన్ తీసి సిద్ధంగా నిలబడింది.

"అంకుల్, నో ప్రేయర్?"

"ఏం ప్రార్థనమ్మా, టైమ్ చూశావా!" అప్పటికే నాలుగు మెట్లు దిగిపోయారాయన. "దిగుడే కదా! పదండి పదండి, ఓడెళ్లిపోద్ది!"