పాలికల్లో మొలవని పెసలు

మా చెల్లెలి పెళ్లిలో మట్టి పాలికల్లో చల్లిన పెసలు మొలవలేదని, దాని జాతకం అప్పుడే తెలిసిందని, అందుకే ఏడాది తిరగకముందే భర్త పోయాడని కార్వాన్‌లో మా వాళ్లు ఇప్పటికీ అంటారు. ఒట్టి మాట. పురుగు పట్టకుండా మా పెద్దమ్మ పెనం మీద వేయించి డబ్బాలో దాచే పెసలవి. గింజలో రెండు బద్దల నడుమ మొలకయ్యే చిన్న ముక్కు ఉంటుంది. వేడికి అది చచ్చిపోతే, గింజ నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆపైన కుళ్లుతుంది. అంతే.

అతని దినాల నాడు అందరి ముందే అడిగాను.

"పెద్దమ్మా, వేయించిన గింజ మొలుస్తదా? చెప్పు!"

"లొల్లి చెయ్యకే. పోయినోడు తిరిగొస్తడా?"

చెల్లెలు గోడవైపు తిరిగి కూర్చుంది. తన చేత్తో ఆ పెసలు వేయించిన పెద్దమ్మ, ఆ నింద పిల్ల మీద పడుతుంటే ఎట్లా ఊరుకోగలిగింది?